మార్కెటింగ్ బృందానికి గ్రాఫిక్ డిజైన్ సాఫ్ట్‌వేర్ ఎంపిక: విశాఖపట్నం సంస్థల నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు

ఆసుపత్రి కావచ్చు, కళాశాల కావచ్చు, స్థిరాస్తి సంస్థ, నగల దుకాణం, రుషికొండ ఐటీ కంపెనీ, బీచ్ రోడ్డు హోటల్ ఏదైనా కావచ్చు, విశాఖపట్నంలో మార్కెటింగ్ విభాగాల పని తీరు దాదాపు ఒకేలా ఉంటుంది. ఉదయం ఇన్‌స్టాగ్రామ్‌కు వెళ్లిన డిజైనే మధ్యాహ్నానికి కరపత్రమవుతుంది, మరునాడు మద్దిలపాలెం కూడలిలో హోర్డింగ్‌గా కనిపిస్తుంది. పైగా అది తెలుగులోనూ ఇంగ్లిషులోనూ ఉండాలి. ఈ సమాధానాలన్నీ ఆ పరిస్థితిని దృష్టిలో పెట్టుకొని రాసినవి. ధరలూ రాయితీలూ తరచుగా మారుతుంటాయి కాబట్టి వాటిని ఇక్కడ ఇవ్వలేదు.

ఎంపికను ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

సాఫ్ట్‌వేర్ల జాబితా నుంచి కాదు, మీ బృందం ఇటీవల చేసిన పనుల నుంచి మొదలుపెట్టాలి. గత కొన్ని నెలల్లో తయారైన డిజైన్లన్నిటినీ ఒకచోట పెట్టి, వాటిలో ఫోను తెర మీదే ఆగిపోయినవి ఎన్ని, ఆఫ్‌సెట్ ప్రెస్‌కు వెళ్లినవి ఎన్ని, ఫ్లెక్సీ లేదా హోర్డింగ్‌గా మారినవి ఎన్ని, దినపత్రికకు వెళ్లినవి ఎన్ని అని చూసుకుంటే సగం నిర్ణయం అక్కడే తేలిపోతుంది. ఆ తరువాత చూడవలసింది, ఆ ఫైలును మీ తరువాత ఎవరు తెరుస్తారన్నది. డాబాగార్డెన్స్‌లోని ప్రెస్‌వారు తెరవలేని ఫైలు ఎంత అందమైన సాఫ్ట్‌వేర్‌లో పుట్టినా నిరుపయోగమే.

ఇలా లెక్క చూసుకున్న బృందాల్లో ఎక్కువ భాగానికి ఒకే సాఫ్ట్‌వేర్ చాలదని అర్థమవుతుంది. శిక్షణ పొందిన డిజైనర్‌కు ఒక వృత్తిస్థాయి సాధనం, మిగిలినవారికి సిద్ధంగా ఉన్న టెంప్లేట్లలో తేదీ, ధర, ఫొటో మార్చుకునే తేలికపాటి సాధనం ఉండటమే ఆచరణలో మేలైన పద్ధతి. అందరికీ ఖరీదైన సాధనం కొనడం డబ్బు వృథా. డిజైనర్‌ను కూడా తేలికపాటి సాధనానికే పరిమితం చేయడం అంతకన్నా ఎక్కువ నష్టం.

తెలుగు అక్షరాలు సరిగా వస్తాయో లేదో కొనేముందు ఎలా తెలుసుకోవాలి?

మా దృష్టిలో ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న, కానీ సాఫ్ట్‌వేర్లను పోల్చి చూపే పట్టికల్లో దీనికి చోటే ఉండదు. ఇంగ్లిషులో అక్షరం పక్కన అక్షరం పేర్చితే పదమవుతుంది. తెలుగులో గుణింతపు గుర్తు హల్లుతో కలిసిపోవాలి, ఒత్తు కిందికి దిగాలి, కొన్ని హల్లుల రూపమే మారాలి. ఈ కూర్పు పనిని ఫాంటు ఒక్కటే చేయలేదు, సాఫ్ట్‌వేర్‌లోని అక్షర కూర్పు వ్యవస్థ కూడా సహకరించాలి. అది లేకపోతే మంచి ఫాంటు వాడినా ఒత్తులు విడిపోయి, పొల్లులు పైకి తేలి, పదం ముక్కలుగా కనిపిస్తుంది.

ట్రయల్ వెర్షన్ వేసుకోగానే ‘విశాఖపట్నం, రాష్ట్రం, స్త్రీ, లక్ష్మి, జ్ఞానం, రిజిస్ట్రేషన్, సాఫ్ట్‌వేర్’ అన్న పదాలను యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటర్ అయినా ఒకేలా చదవగలిగే అక్షర సంకేత పద్ధతిలో, టైపు చేసి చూడండి. ‘రాష్ట్రం’లో ష కింద టకార, రకారాలు రెండూ ఒత్తులుగా కుదురుగా చేరాలి. ‘సాఫ్ట్‌వేర్’లో అందుకు విరుద్ధంగా జరగాలి: అక్కడ ‘ఫ్ట్’ పొల్లుతో విడిగా నిలబడాలి, వకారం దాని కిందికి జారకూడదు. అలా విడదీసేందుకు మధ్యలో కనిపించని ఒక గుర్తు ఉంటుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని పట్టించుకోవు, మరికొన్ని దాని స్థానంలో ఖాళీ డబ్బా చూపిస్తాయి. తెర మీద సరిగా ఉందని అక్కడితో ఆగకుండా, పీడీఎఫ్‌గా మార్చి, ఆ ఫాంటు లేని మరో కంప్యూటర్‌లో తెరిచి చూడండి. రెండు మూడు పంక్తుల పేరా కూడా వేసి, పై పంక్తిలోని ఒత్తులు కింది పంక్తిలోని గుడులను తాకుతున్నాయేమో గమనించండి. ఇంగ్లిషుకు సరిపోయే పంక్తుల ఎడం తెలుగుకు ఇరుకవుతుంది.

అడోబీ ఉత్పత్తులు ఈ పరీక్షలో మొదట విఫలమైనట్టు కనిపించవచ్చు, కానీ అది చాలాసార్లు సెట్టింగు సమస్యే. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూ నుంచి వరల్డ్ రెడీ కంపోజర్‌ను ఎంచుకోవాలి. ఇలస్ట్రేటర్ ప్రిఫరెన్సెస్‌లోని టైప్ విభాగంలో ఇండిక్ ఆప్షన్లను చూపించమని పెట్టి, ఆపై దక్షిణాసియా భాషల కంపోజర్‌కు మారాలి. ఫొటోషాప్‌లోనూ ఇటువంటి ఎంపిక ఉంటుంది. ఇంక్‌స్కేప్, గింప్ ఉచిత సాఫ్ట్‌వేర్లే అయినా, హార్ఫ్‌బజ్ అనే కూర్పు వ్యవస్థ మీద ఆధారపడతాయి కాబట్టి ఏ సెట్టింగూ మార్చకుండానే తెలుగును సరిగా చూపిస్తాయి. ధర ఎక్కువైతే తెలుగు బాగా వస్తుందన్న నమ్మకానికి ఆధారం లేదు.

మా పాత ఫైళ్లన్నీ అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో ఉన్నాయి. వాటిని ఏం చేయాలి?

తెలుగు డీటీపీ (కంప్యూటర్‌లో పేజీల కూర్పు) రంగం దశాబ్దాలపాటు అను స్క్రిప్ట్ మేనేజర్ అనే తెలుగు టైపింగ్, ఫాంట్ల సాఫ్ట్‌వేర్ మీదే నడిచింది, ఇప్పటికీ అనేక ప్రెస్‌లలో నడుస్తోంది. దానికి కారణం ఉంది. పేజీల కూర్పుకు వాడే పాత అడోబీ సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు. ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను అమర్చిన అను వంటి ఫాంట్లే అక్కడ గతి. ఆ పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. అంటే కొత్త కంప్యూటర్లలో దాన్ని నడిపించడమే ఒక ప్రయాస.

అను ఫాంట్లలోని పాఠాన్ని కాపీ చేసి వెబ్‌సైట్‌లోనో వాట్సాప్‌లోనో అతికిస్తే అర్థంలేని ఇంగ్లిషు గుర్తులు వస్తాయి, వెతికితే దొరకదు, టెంప్లేట్ సాధనాల్లో పనిచేయదు. కాబట్టి కొత్తగా చేసే ప్రతి పనినీ యూనికోడ్‌లోనే చేయాలని ఒక తేదీ నిర్ణయించుకోవడం మంచిది. పాతవాటినన్నిటినీ ఒకేసారి మార్చే ప్రయత్నం వద్దు. మళ్లీ మళ్లీ వాడే ధరల పట్టికలు, నిబంధనలు, చిరునామాలు, సంస్థ పరిచయం వంటి పాఠాలను మాత్రం కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ఒకరు కూర్చుని అక్షరం అక్షరం ప్రూఫ్ చూడాలి. కన్వర్టర్లు అరుదైన సంయుక్తాక్షరాల దగ్గర, అంకెల దగ్గర తడబడతాయి. మిగిలిన పాత ఫైళ్లను పీడీఎఫ్‌గా దాచుకుంటే చాలు.

యూనికోడ్‌లో అందమైన తెలుగు ఫాంట్లు లేవంటారు. నిజమేనా?

ఒకప్పుడు నిజం. ఇప్పుడు గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, మల్లన్న, సురవరం, గిడుగు, ధూర్జటి, తెనాలి రామకృష్ణ వంటివి ఉన్నాయి. హింద్ గుంటూరు, బాలూ తమ్ముడు, అనేక్ తెలుగు, నోటో సాన్స్ తెలుగు, నోటో సెరిఫ్ తెలుగు ఉన్నాయి. ఇవి ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉచితంగా దొరుకుతాయి, వాణిజ్య ప్రకటనల్లోనూ వాడుకోవచ్చు. శీర్షికకు రామభద్ర వంటి బలమైన రూపం, చిన్న అక్షరాలకు అనేక్ లేదా నోటో వంటి బహుళ మందాలున్న కుటుంబం సరిపోతాయి. పెళ్లిపత్రికల శైలి అలంకార ఫాంట్లలో మాత్రం అను సంపద ఇంకా పెద్దదేనని ఒప్పుకోవాలి.

క్యాన్వా ఒక్కటే సరిపోదా?

సోషల్ మీడియా పోస్టులు, వాట్సాప్ శుభాకాంక్షలు, ప్రెజెంటేషన్లు, చిన్న కరపత్రాలే మీ పని అయితే చాలావరకు సరిపోతుంది. 2013లో ఆస్ట్రేలియాలో మొదలైన ఈ సాధనం డిజైనర్ కాని మనిషి చేతికి పని అప్పగించడంలో సాటిలేనిది. సంస్థ రంగులు, లోగో, ఫాంట్లు ఒకచోట భద్రపరచి, టెంప్లేట్లను స్థిరపరిస్తే గాజువాక శాఖలోని ఉద్యోగి కూడా ప్రధాన కార్యాలయాన్ని అడగకుండానే పోస్టు తయారు చేసుకోగలడు.

దాని హద్దులు ప్రింటు దగ్గర తెలుస్తాయి. సీఎంవైకే అనే నాలుగు సిరాల ముద్రణ రంగుల్లో పీడీఎఫ్ ఇవ్వడం చెల్లింపు ప్లాన్‌లోనే ఉంటుంది, రంగుల మీద నియంత్రణ కూడా వృత్తిస్థాయి సాధనాల్లో ఉన్నంతగా ఉండదు. పేజీ పరిమాణానికి పరిమితి ఉంది. ఇంకొక విషయం చాలామంది గమనించరు: క్యాన్వా భాండాగారంలోని బొమ్మతో లోగో తయారు చేసుకుంటే దాన్ని ట్రేడ్‌మార్క్‌గా వాడుకోవడానికి వారి లైసెన్సు అనుమతించదు, ఎందుకంటే అదే బొమ్మను ఎవరైనా వాడుకోవచ్చు. లోగోను మాత్రం డిజైనర్‌తో వెక్టార్ రూపంలో, అంటే ఎంత పెంచినా అంచులు చెదరని గీతల రూపంలో, గీయించుకోండి. నమోదైన స్వచ్ఛంద సంస్థలకు, పాఠశాలలకు క్యాన్వాలో ఉచిత పథకాలు ఉన్నాయి. అర్హత ఉంటే ముందు అవి ప్రయత్నించండి.

అడోబీ సూట్ మొత్తం తీసుకోవాలా?

అక్కర్లేని సందర్భాలే ఎక్కువ. ఫొటోలు సరిదిద్దడానికి ఫొటోషాప్, లోగోలూ హోర్డింగ్‌లకు ఇలస్ట్రేటర్, ఎక్కువ పేజీల బ్రోచర్లకు ఇన్‌డిజైన్. మూడూ నిత్యం వాడే డిజైనర్‌కు మొత్తం ప్లాన్ లాభం. ఒక్కటే వాడితే ఆ ఒక్కటే తీసుకోవాలి. 2013 నుంచి అడోబీ కొత్త వెర్షన్లను చందా పద్ధతిలోనే ఇస్తోంది కాబట్టి చందా ఆగితే ప్రోగ్రాం కూడా ఆగుతుంది.

కొనేటప్పుడు రెండు విషయాలు చూడాలి. నెలనెలా చెల్లించే పథకాల్లో కొన్ని నిజానికి ఏడాది ఒప్పందాలు, మధ్యలో వదిలేస్తే రుసుము పడుతుంది. రెండోది, ఉద్యోగి సొంత ఈమెయిలుతో తీసుకున్న వ్యక్తిగత చందా అతనితోపాటే వెళ్లిపోతుంది. బృందాల కోసం ఇచ్చే లైసెన్సు సంస్థ పేరిట ఉండి, ఒకరి నుంచి మరొకరికి మార్చుకునే వీలుంటుంది. జీఎస్టీ నంబరు ఇచ్చి బిల్లు సంస్థ పేరిట తీసుకుంటే ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ పొందే వీలు గురించి మీ ఆడిటర్‌ను అడగవచ్చు.

ప్రెస్‌వారు కోరల్‌డ్రా ఫైలు కావాలంటున్నారు. అదీ కొనాలా?

ఫ్లెక్సీ, స్క్రీన్ ప్రింటింగ్, వినైల్ కటింగ్ చేసేవారిలో కోరల్‌డ్రాకు పట్టు ఎక్కువ, వారు ఆ ఫైలు అడగడం సహజం. అయినా వారి కోసమే మీరు దాన్ని కొనవలసిన అవసరం లేదు. అక్షరాలను కర్వ్స్‌గా, అంటే ఫాంటు అవసరం లేని గీతల ఆకారాలుగా, మార్చిన పీడీఎఫ్ ఇస్తే దాదాపు అందరూ తీసుకుంటారు. కర్వ్స్ చేస్తే ఫాంటు లేకపోవడం వల్ల వచ్చే చిక్కు తీరుతుంది, తెలుగు ఒత్తు కదలదు. కర్వ్స్ చేయని ఫైలును మాత్రం మీ దగ్గర విడిగా ఉంచుకోవాలి, లేకపోతే మరుసటి ఏడాది ఫోన్ నంబరు మార్చడానికి కూడా పాఠం మొత్తం మళ్లీ టైపు చేయాల్సి వస్తుంది.

చందా అంటే ఇష్టం లేని సంస్థలకు కోరల్‌డ్రా ఒకేసారి కొనుక్కునే పద్ధతిలోనూ దొరుకుతుంది. కొత్త వెర్షన్‌లో దాచిన ఫైలు పాత వెర్షన్‌లో తెరుచుకోదు కాబట్టి, ప్రెస్‌లో ఏ వెర్షన్ ఉందో అడిగి దానికి తగ్గట్టు సేవ్ చేయాలి.

ఫ్లెక్సీకి, హోర్డింగ్‌కు ఎంత రిజల్యూషన్ ఉండాలి? మా కంప్యూటర్ ఆగిపోతోంది.

ఆగిపోవడానికి కారణం సాధారణంగా సాఫ్ట్‌వేర్ కాదు, పుస్తకాల ముద్రణకు వాడే 300 డీపీఐని (అంగుళానికి 300 చుక్కలు) హోర్డింగ్‌కు కూడా పెట్టడం. 20 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న బోర్డు తీసుకుందాం. వెడల్పు 240 అంగుళాలు. దాన్ని 300 డీపీఐలో పెడితే 72,000 పిక్సెళ్లవుతుంది. ఫొటోషాప్ మామూలు పీఎస్‌డీ ఫైలు ఒక్కో వైపు 30,000 పిక్సెళ్లకు మించి పట్టదు, జేపెగ్ హద్దు 65,535. అంటే ఈ రెండు ఫార్మాట్లలో ఆ ఫైలు పుట్టడానికే వీల్లేదు. అదే బోర్డును 100 డీపీఐలో పెడితే 24,000 × 12,000 పిక్సెళ్లు, 72 డీపీఐలో అయితే 17,280 × 8,640. జాతీయ రహదారి 16 మీద వెళ్తున్న వాహనంలోంచి చూసేవారికి ఇంతకన్నా సూక్ష్మత కంటికి ఆనదు.

మేము ఇష్టపడే పద్ధతి వేరు. ఇలస్ట్రేటర్, కోరల్‌డ్రా లేదా ఇంక్‌స్కేప్‌లో పదోవంతు స్కేలులో, అంటే 24 × 12 అంగుళాల పేజీలో పనిచేసి, అక్షరాలూ లోగో వెక్టార్‌గా ఉంచి, ఫొటోను మాత్రమే ఆ పేజీలో 1000 డీపీఐ వచ్చేలా పెట్టాలి. ప్రెస్‌లో పది రెట్లు పెంచినప్పుడు అది 100 డీపీఐ అవుతుంది, అక్షరాల అంచులు ఎంత పెంచినా పదునుగానే ఉంటాయి. స్కేలు ఎంతో ఫైలు పేరులోనే రాయడం మరవకండి. ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధ ప్రకటన 2022 ఆగస్టులో ఈ నగరంలోనే వెలువడిన తరువాత గుడ్డ బ్యానర్ల మాట ఎక్కువగా వినిపిస్తోంది. గుడ్డ సిరాను పీల్చుకుంటుంది కాబట్టి పలుచని అక్షరాలు, లేత రంగులు అక్కడ నిలవవు, చిన్న ముక్క మీద నమూనా వేయించుకోవాలి.

తెర మీద ఉన్న రంగు దినపత్రికలో ఎందుకు రావడం లేదు?

తెర కాంతితో రంగు చూపిస్తుంది, ప్రెస్ నాలుగు సిరాలతో చూపిస్తుంది. మెరిసే నీలం, చిలకపచ్చ, నారింజ సీఎంవైకేలోకి వచ్చేసరికి మందగిస్తాయి. దినపత్రిక కాగితం మరీ పీల్చుకునే రకం. నాలుగు సిరాల మొత్తం 400 శాతం వరకు సాధ్యమైనా, పత్రికల ముద్రణలో సాధారణంగా 220 నుంచి 240 శాతం దాటనివ్వరు.

సాఫ్ట్‌వేర్ ఎంపికకు దీనితో నేరుగా సంబంధం ఉంది. ఆర్‌జీబీలో, అంటే తెర రంగుల్లో మాత్రమే పనిచేసే సాధనంలో నల్లని అక్షరాలు రాసి తరువాత మార్పిస్తే, ఆ నలుపు నాలుగు సిరాల మిశ్రమమవుతుంది. నాలుగు ప్లేట్లలో ఏ ఒక్కటి వెంట్రుకవాసి జరిగినా ఇంగ్లిషు అక్షరం కొద్దిగా మసకబారుతుంది, తెలుగు ఒత్తు మాత్రం చదవడానికే రాదు. చిన్న అక్షరాలను నల్ల సిరా ఒక్కదానితోనే ఉంచగల సాధనం కావాలి: ఇన్‌డిజైన్, ఇలస్ట్రేటర్, కోరల్‌డ్రా, ఉచితవాటిలో స్క్రైబస్ ఆ పని చేస్తాయి. 1974 ఆగస్టు 10న ‘ఈనాడు’ మొదలైంది ఈ ఊళ్లోనే. పత్రికా ప్రకటనల విషయంలో అనుభవమున్న చేతులకు ఇక్కడ కొదవలేదు, ప్రకటన విభాగాన్ని ముందే అడిగితే కొలతలూ రంగుల నిబంధనలూ ఇస్తారు.

పూర్తిగా ఉచిత సాఫ్ట్‌వేర్లతో మార్కెటింగ్ విభాగం నడపవచ్చా?

నడపవచ్చు, ఓపిక ఉన్న ఒక మనిషి ఉంటే. ఫొటోలకు గింప్, వెక్టార్ పనికి ఇంక్‌స్కేప్, పేజీల కూర్పుకు స్క్రైబస్. 2025 మార్చిలో వచ్చిన గింప్ 3.0లో ఫిల్టర్లను తరువాత కూడా మార్చుకునే సౌకర్యం చేరింది. ఇంక్‌స్కేప్ ప్రధానంగా ఆర్‌జీబీలో పనిచేస్తుంది కాబట్టి ముద్రణకు వెళ్లే పనిని స్క్రైబస్ ద్వారా పంపడం మేలు. అఫినిటీ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌ను క్యాన్వా 2024లో కొని, 2025 అక్టోబరులో ఉచితం చేసింది; సాధనంగా అది చాలా మంచిది, కానీ దాని పాత వెర్షన్లు భారతీయ లిపుల కూర్పులో వెనుకబడినవి. పైన చెప్పిన పదాల పరీక్ష నెగ్గితేనే తెలుగు పనికి తీసుకోండి.

మరి ఫిగ్మా?

వెబ్‌సైటు, మొబైల్ యాప్ రూపకల్పనకు అద్భుతం. ప్రింటుకు కాదు, సీఎంవైకే లేదు.

క్రాక్ చేసిన వెర్షన్ వాడితే ఏమవుతుంది?

కాపీరైట్ చట్టం, 1957లోని సెక్షన్ 63బి ప్రకారం, అక్రమ ప్రతి అని తెలిసి కంప్యూటర్‌లో వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50,000 నుంచి రెండు లక్షల రూపాయల వరకు జరిమానా ఉంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, క్రాక్ ఫైళ్లతో వచ్చే వైరస్ మీ బృందం ఫైళ్లన్నిటినీ తాళం వేసేస్తే కలిగే నష్టం చందా కన్నా చాలా పెద్దది. స్క్రైబస్, ఇంక్‌స్కేప్ ఉండగా ఆ దారి పట్టడానికి సాకు కూడా లేదు.

అన్నీ క్లౌడ్‌లోనే ఉంటే ప్రమాదమా?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు నగరంలో కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. అంత పెద్ద విపత్తు ఏటా రాదు, అయినా సముద్రపు ఒడ్డున ఉన్న ఊరికి ఆ లెక్క వేసుకోక తప్పదు. బ్రౌజర్‌లో నడిచే సాధనం ఇంటర్నెట్ లేకపోతే చాలావరకు చేతులెత్తేస్తుంది. లోగో, సంస్థ ఫాంట్లు, ప్రస్తుతం నడుస్తున్న ప్రకటనల ఎడిటబుల్ ఫైళ్లు, వాటి పీడీఎఫ్‌లు ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లో ఉండాలి. ఆ డిస్కు కార్యాలయం కాక మరోచోట ఉండాలి.

ఫ్రీలాన్సర్ చేసిన డిజైన్ మూల ఫైలు మాదా, అతనిదా?

ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, సంస్థే మొదటి హక్కుదారు. ఫ్రీలాన్సర్ విషయంలో డబ్బు చెల్లించినంత మాత్రాన హక్కు మారుతుందని అనుకోకూడదు. హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. గడువు రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగానే పరిగణిస్తుంది. పని అప్పగించే ముందే ఒక పేజీ ఒప్పందంలో మూల ఫైళ్లు ఏ ఫార్మాట్‌లో, ఏ సాఫ్ట్‌వేర్‌లో ఇవ్వాలో, హక్కులు ఎంతకాలానికి బదిలీ అవుతాయో రాయించుకోండి. మీ దగ్గర లేని సాఫ్ట్‌వేర్‌లో చేసిన మూల ఫైలు చేతిలో ఉన్నా మార్చలేరు కాబట్టి, ఇదీ సాఫ్ట్‌వేర్ ఎంపికలో భాగమే.

కృత్రిమ మేధ సౌకర్యాలు చూసి సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలా?

నేపథ్యం తొలగించడం, ఫొటో అంచులు పొడిగించడం, అక్కర్లేని వైర్లూ స్తంభాలూ చెరిపేయడం వంటి పనుల్లో అవి నిజంగా సమయం ఆదా చేస్తాయి. మొత్తం పోస్టర్‌ను తయారు చేయమంటే మాత్రం తెలుగు అక్షరాల దగ్గర మోసం చేస్తాయి. దూరం నుంచి తెలుగులాగే ఉంటుంది, దగ్గరికెళ్తే లేని ఒత్తులు, తప్పు గుణింతాలు కనిపిస్తాయి. బొమ్మను అలా తీసుకుని, అక్షరాలు మీరే వేయండి. స్థిరాస్తి ప్రకటనలో లేని సముద్ర దృశ్యాన్ని, ఆసుపత్రి ప్రకటనలో లేని రోగిని సృష్టించడం డిజైన్ సమస్య కాదు, కొనుగోలుదారును తప్పుదారి పట్టించడం.

కొత్త సాఫ్ట్‌వేర్‌కు ఎప్పుడు మారాలి?

దసరా, దీపావళి ముందు వద్దు. ఆషాఢం తగ్గింపుల సమయంలోనూ వద్దు. విద్యాసంస్థలైతే ప్రవేశాల కాలమైన మే, జూన్ నెలలు వదిలేయాలి. సంక్రాంతి అయ్యాక ఫిబ్రవరి, మార్చిలో చాలా సంస్థలకు కాస్త వెసులుబాటు ఉంటుంది, ఆర్థిక సంవత్సరం బడ్జెట్ కూడా అప్పుడే తేలుతుంది. ఒక అసలైన పనిని, ఉదాహరణకు ఒక కరపత్రం, ఒక ఫ్లెక్సీ, మూడు సోషల్ మీడియా పోస్టులు ఉన్న చిన్న ప్రచారాన్ని, పాత సాధనంతోనూ కొత్త సాధనంతోనూ సమాంతరంగా చేయించండి. రెండు కరపత్రాలనూ మీరు నిత్యం వెళ్లే ప్రెస్‌లోనే అచ్చు వేయించి, రోజూ డిజైన్లు చూడని ఒకరి చేత, ఉదాహరణకు మీ అకౌంట్స్ విభాగంలోని వారి చేత, చదివించండి. వారు ఏ అక్షరం దగ్గర ఆగారో రాసుకుని, ఆ తరువాతే చందా కట్టండి.